నీళ్లియ్యని బండి

ఆర్మూరు దాటి నాలుగు మైళ్లు వచ్చిందో లేదో, మా బస్సు ముక్కులోంచి ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. డ్రైవర్ దిగి మూత ఎత్తి, చెయ్యి కాల్చుకుని, ఆ ఇంజన్‌ను కన్నవాళ్లను వరసపెట్టి తిట్టాడు. అది అరవై నాలుగో, అరవై అయిదో. మాఘం ఇంకా వెళ్లనే లేదు, ఎండ మాత్రం చైత్రానిది. రోడ్డుకు రెండు వైపులా పసుపు తవ్వేసిన మళ్లు, తిరగబడ్డ మట్టి, కోసి పడేసిన పసుపాకు. నీళ్ల జాడ లేదు.

వెనక నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. బండి నిండా వరిగడ్డి పరిచి, అందులో మెడల దాకా కుండలు దింపారు. కుండల చుట్టూ తడి గోనెసంచులు. తోలేవాడు ఒకడు, వెనక ఇద్దరు ఆడవాళ్లు.

"అన్నా, ఒక్క కుండ నీళ్లియ్యి. రేడియేటర్ ఎండిపోయింది," అని డ్రైవర్ అడ్డంగా నిలబడ్డాడు.

బండివాడు తల వంచుకున్నాడు. "ఇయ్యరాదన్నా."

"ఏందీ?"

"ఇయ్యరాదు. ముందల మోటబాయి ఉన్నది. ఆడికెల్లి తెచ్చుకోర్రి."

బస్సులోంచి జనం దిగి బండి చుట్టూ మూగారు. నీళ్లడిగితే లేదంటావా, నువ్వు కాపోని కొడుకువేనా అని ఒకరు. కుండల్లో ఉన్నది నీళ్లు కాదురా, నాటుసారా, అందుకే భయపడుతున్నాడని ఇంకొకరు. అందరూ నవ్వారు. అప్పుడు తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి ఒక కుండ మీద మూత తీసి చూపించింది.

"సూడు బిడ్డా, కడుపు నిండ సూడు. నీళ్లే. గని ఇయ్యం. ఇయ్యని పాపం నాకు తగుల్తది తియ్యి, నీకెందుకు బాధ?"

ఈ జిల్లాలో గోదారి ఒడ్డున మెండోర నుంచి బోధన్ చెరుకు తోటల దాకా కాలినడకన తిరిగినవాణ్ణి. కులం అడిగి దోసిట్లో పోసినవాళ్లను చూశాను, చెంబును నిప్పులో కాల్చి లోపలికి తీసుకుపోయినవాళ్లను చూశాను. చేను గెట్టు తగాదాలో తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు సైతం దాహమంటే ఒకరికొకరు పోస్తారు. కుండలు నిండుగా పెట్టుకుని నీళ్లివ్వనన్న మనిషి మాత్రం అదే మొదలు. రెండో ఆడమనిషి ఈ గొడవంతా తనది కాదన్నట్టు ఎడ్ల కొమ్ముల మీదుగా దూరం చూస్తోంది. ఆమె ఒళ్లో అడ్డంగా ఒక వెదురు కర్ర ఉంది. ముసలితనం లేదు, ముప్పై దాటి ఉంటుంది అంతే. మరి ఆ కర్ర ఎందుకు?

బస్సు ఎప్పుడు కదిలేదీ తెలియదు. మోర్తాడ్ దాకా ఎక్కించుకుంటారా అని అడిగాను.

"నీళ్లడగవు గద తాతా?" అంది తెల్లచీర ఆమె.

"అడగను."

"అయితె ఎక్కు. కుండ మీద మాత్రం కూసోకు."

తోలుతున్నవాడి పేరు రాజలింగు. మోర్తాడ్‌కు ఇవతలి ఊళ్లో పసుపు, వరి పండించే ఇంటి చిన్నకొడుకు. కర్ర పట్టుకున్నది అతని భార్య భూమవ్వ. తెల్లచీర ఆమె రూతమ్మ, బోధన్ నుంచి వచ్చింది. మెథడిస్టు చర్చివాళ్లు. ఆమె భర్త దేవదాస్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకురసం మరిగించే చోట పనిచేసేవాడు. ఇప్పుడు మంచంలో ఉన్నాడు.

"ఈయన పెండ్లానికీ నా మొగనికీ ఒక్కటే రోగం," అంది రూతమ్మ, ఇద్దరిదీ ఒకటే ఊరు అన్నంత మామూలుగా.

ఆ రోగం సంగతి బండి సాగుతుండగా ముగ్గురి నోటా విన్నాను. భూమవ్వ తక్కువ మాట్లాడింది, కానీ అసలు ముక్కలు ఆమెవే. భీమ్‌గల్ పిల్ల. పెళ్లయి వచ్చిన కొత్తలో పసుపు తవ్వకంలో ఆమె పక్క సాలు పట్టడానికి మగవాళ్లు వెనకాడేవారట. ఒక ఎండాకాలం ఎడమ కన్ను మసకేసింది. నెల తిరిగేసరికి దానంతట అదే తేటపడింది. అమ్మవారు శాంతించిందన్నారు, కోడిని కోశారు. మళ్లీ రెండేళ్ల దాకా ఏమీ లేదు. తర్వాత ఒకరోజు చేను నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు.

"ఎక్కడ ఇడిసిపోయిందో నాకెరుక లేదు తాతా. ముండ్లల్ల నడిసొచ్చిన. రకతం కారంగ సూసి మా యారాలు మొత్తుకుంటె, అప్పుడు తెల్సింది."

కాలు చచ్చుబడింది, వాయువు కమ్మిందన్నారు. వాయువుకు మన దగ్గర ఉన్న మందు ఒకటే, వేడి. ఇసుక వేయించి, మూటకట్టి కాపడం పెట్టారు. ఆముదం మరగబెట్టి రుద్దారు. పొద్దునా సాయంత్రం వేడి నీళ్లు, కాలే నీళ్లు, తాను తోడి పోసేవాడినని రాజలింగు ఎడ్లవైపు తిరిగే చెప్పాడు. ఎంత పోస్తే అంత కూలిపోయేది. చలికాలం వస్తే మళ్లీ లేచి తిరిగేది. లేచినప్పుడల్లా కాపడం పనిచేసిందనుకుని ఇంకా గట్టిగా పెట్టేవారు.

చివరికి నిజామాబాద్ తీసుకుపోయాడు. అక్కడి దవాఖానాలో పెద్ద డాక్టరమ్మ ఒక తొట్టి నిండా వేడి నీళ్లు పోయించి భూమవ్వను అందులో పడుకోబెట్టింది. చూస్తుండగానే కాళ్లు వేలాడిపోయాయి, కన్ను మసకేసింది. బయటికి తీసి తడి దుప్పటి చుట్టి, ఫంకా కింద పడుకోబెడితే కాసేపటికి కాళ్లు కదిలాయి. రాజలింగు గోడకానుకుని కూర్చుండిపోయాడట. రెండేళ్లు తన చేతులతో తాను పోసిన నీళ్లు గుర్తొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

డాక్టరమ్మ దానికి మల్టిపుల్ స్క్లీరోసిస్ అని పేరు చెప్పింది. మెదడు నుంచి ఒళ్లంతా పాకే నరాల మీద పొర ఉంటుంది, అది అక్కడక్కడా లేచిపోతుంది. వేడి తగిలితే ఆ నరాల్లో కబురు నడవదు. మందు లేదు. ఎండ, ఆవిరి, కాలే నీళ్లు తప్పించుకోవడమే.

ఈ రోగం గురించి నేనూ ఒక పాత పుస్తకంలో చదివి ఉన్నాను. మంచు దేశాల్లో ఎక్కువ, ఎండ దేశాల్లో అరుదు, మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ అని రాసి ఉంది. డాక్టరమ్మా అదే చెప్పిందట. తన పుస్తకం తిరగేసి, నీలాంటి వాళ్లు ఇందులో దాదాపు లేరమ్మా అందట.

"నేనడిగిన," అంది భూమవ్వ, మొదటిసారి నవ్వుతూ. "గా పుస్తకంల మా మోర్తాడ్ ఉన్నదా డాక్టరమ్మా అని. లేదన్నది. మల్ల రోగానికెట్ల తెలిసింది మా ఊరి తొవ్వ?"

రూతమ్మ పకపకా నవ్వింది. ఆ దవాఖానా వసారాలోనే వాళ్లు కలిశారు. రోగుల తాలూకు మనుషులు అక్కడ రాళ్లు పెట్టుకుని వండుకునేవారు. అందరూ ఆడవాళ్లే. భర్తలకు, కొడుకులకు, అత్తలకు, మామలకు వండేది ఆడవాళ్లే కదా. వాళ్ల మధ్య ఒక్క మగవాడు, రాజలింగు. పెళ్లానికి జావ కాస్తూ.

"గా చౌకీదారు రోజు అడుగుడే," అంది రూతమ్మ గొంతు మార్చి. "‘ఏం పటేలా, మీ ఇంట్ల ఆడోళ్లంత సచ్చిండ్రా?’ అని. నన్ను మాత్రం ఎవ్వడడగలె. దేవదాసు కింద పడ్డనాడు మా అత్త గని, పాస్టరు గని, ఫ్యాక్టరోళ్లు గని, రూతమ్మా నీ మొగన్ని సూసుకుంటవా అని అడిగిండ్రా? అడగలె. సూర్యుడు పొడిసినట్టె, నేను సూస్త. ఈ పిల్ల పడ్డనాడు సూడు, ఊరు ఊరంత వచ్చి ఈ మొగన్ని అడిగింది. సూసుకుంటవా, ఇంకోదాన్ని తెచ్చుకుంటవా?"

బండి చక్రం రాయెక్కి దిగింది.

"ఇయ్యాల నీ మొగుని దగ్గర ఎవరున్నరమ్మా?" అని అడిగాను.

"తాతా, నువ్వే మొదటోనివి అడిగినది. పక్కింటామెకు అప్పజెప్పొచ్చిన. తిట్టుకుంట సూస్తది. సూస్తది గని."

అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా పసుపు ఉడకబెట్టే మొదటి రోజు, ఎవరి వాటా పసుపు కడాయిని వాళ్ల ఇంటామె ముట్టించాలి. పొయ్యికి నిప్పు పెట్టి, మొదటి గంప పసుపు కొమ్ములు తన చేత్తో కడాయిలో వేసి, నురగ పొంగేదాకా కడాయి ముందు నిలబడాలి. కూలబడితే అరిష్టం. నిరుడు భూమవ్వ గంప ఎత్తి కడాయి ముందుకు పోయి, అందరూ చూస్తుండగా గంపతో సహా కూలింది. వేడని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంటిపెద్ద, రాజలింగు అన్న ఆశన్న, ఆ సాయంత్రమే మాటెత్తాడు. పొయ్యి ముందు నిలవలేని ఆడదాన్ని పుట్టింటికి పంపు, మెండోరలో పిల్ల ఉంది, చూసొచ్చాను అన్నాడు.

రెండో పెళ్లి కూడదని చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు కావస్తోంది. ఢిల్లీలో బయలుదేరిన చట్టం మా బస్సు లాగే ఆర్మూరు దాటి ఎక్కడో ఆవిరి కక్కుతూ ఆగిపోయి ఉంటుంది.

"మల్ల నువ్వేమన్నవు?" అని రాజలింగును అడిగాను.

అతను ఎడ్లను అదిలించాడు. "వచ్చే యేడు గూడ నిలవడకుంటె నువ్వు చెప్పినట్టె చేస్త అన్న."

"మాటిచ్చిండు," అంది భూమవ్వ.

"నేను మనిషిని కానానే? చేను సూడాలె, వండాలె, నిన్ను లేపాలె, కడగాలె. నడుము ఇరిగింది నాది."

"ఇరగలేదంటినా? మాటిచ్చినవు అన్న, గంతే."

"ఇప్పుడు నీ కోసమె గద గీ కుండలన్ని మోసుకొచ్చిన? ఊరంత తిట్టంగ నీళ్లియ్యకుంట వచ్చిన?"

"వచ్చినవు. మాట గూడ ఇచ్చినవు. రెండు నువ్వే."

రూతమ్మ కల్పించుకుని నాకు ఉపాయం చెప్పింది. బోధన్‌లో దేవదాస్ ఎండలో చర్చికి పోవాల్సి వస్తే, తడి దుప్పటి కప్పి తీసుకుపోయేదట. తడి ఉన్నంతసేపు నడిచేవాడు. ఆరగానే ఆగిపోయేవాడు. పసుపు తవ్వకం మొదలైనప్పటి నుంచి భూమవ్వ బోధన్‌లో రూతమ్మ ఇంట్లోనే ఉండి అలా నడవడం నేర్చుకుంది. నిన్న సాయంత్రం ఇద్దరూ బస్సులో ఆర్మూరు చేరారు, రాజలింగు బండి తోలుకుని అక్కడికి వచ్చాడు. రాత్రంతా కుండల్లో నీళ్లు చల్లారబెట్టారు. ఊరి ముందర ఆమెను నిలువునా తడపాలి. తడిబట్టలతో పొయ్యి దగ్గరికి పోతే ఎవరూ తప్పుపట్టరు. తలస్నానం చేసి మడితో వచ్చిందనుకుంటారు. రోగం కోసమని తెలిస్తే మాత్రం, నీళ్లు పోస్తే తప్ప నిలవలేనిది ఇంటామె ఎట్లవుతుందంటాడు ఆశన్న.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత నా ఇష్టం," అంది భూమవ్వ. "పంపిస్తె పోయినట్టు గావద్దు. గంతే."

ఊరి బయట మామిడి తోపులో బండి ఆపారు. మోర్తాడ్ ఇంకా ముందుంది, కానీ ఇది చూసే పోదామని నేనూ దిగాను. రూతమ్మ ఒక్కో కుండా ఎత్తి భూమవ్వ తల మీంచి పోసింది. చలికి ఆమె పళ్లు టకటకలాడాయి. తడి తువాలు మడిచి నడినెత్తిన పెట్టి, మీద కొంగు కప్పారు. ఒక్క కుండ మాత్రం మిగిల్చారు. భూమవ్వ కర్రను గడ్డిలో దోపి, బండి పట్టె పట్టుకుని దిగింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి. పట్టె వదిలేసింది.

పసుపు కల్లం తోపుకు దగ్గరే. గుండ్రంగా తవ్విన పొయ్యి మీద ఇనుప కడాయి, పక్కన పచ్చి పసుపు కొమ్ముల కుప్ప, ఎండిన ఆకు, చెరుకు పిప్పి. జనం చాలామందే ఉన్నారు. పని కోసం వచ్చిన వాళ్లకంటే చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువ. ఆశన్న మంచి ఎత్తరి, తెల్లని తలపాగా. చెడ్డవాడి ముఖం కాదది. ఇల్లు నడవాలని తప్ప మరో ఆలోచన లేనివాడి ముఖం. భూమవ్వ నడిచి రావడం చూసి కనుబొమలు ఎత్తాడు. రూతమ్మను చూసి, "నువ్వు గా గెట్టు మీదనె ఉండవ్వా, పొయ్యి దగ్గరికి రావద్దు," అన్నాడు. రూతమ్మ గెట్టు మీదే ఆగింది. రాజలింగు మిగిలిన కుండను చంకనెత్తుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. నేనూ వాళ్లతోనే ఆగాను.

భూమవ్వ నిప్పు పెట్టింది. అంటుకోలేదు. పొయ్యి నిన్ననే కొత్తగా తవ్వారు, మట్టి ఇంకా పచ్చిది. పొగ తప్ప మంట లేదు. మళ్లీ పెట్టింది. ఎవరో ఆకు విదిల్చారు, ఎవరో ఊదారు. సూర్యుడు నెత్తికెక్కుతున్నాడు. ఆమె భుజం మీద చీర రంగు తేలికపడుతోంది. ముదురు నీలం పోయి మామూలు నీలం వస్తోంది. నేను అది తప్ప ఇంకేమీ చూడలేకపోయాను.

మంట ఒక్కసారిగా లేచింది. భూమవ్వ గంప ఎత్తింది. కడాయి దాకా పోయి కొమ్ములు వంచింది, ఒక్కటీ కింద పడలేదు. ఆడవాళ్లలో గుసగుస. ఇక మిగిలింది నిలబడటం. పనివాళ్లు మిగతా గంపలు పోసి, ఆకు కప్పి, పొయ్యిలోకి పిప్పి ఎగదోశారు. కడాయి చుట్టూ గాలి వణుకుతోంది. ఆమె చీరలోంచి సన్నగా ఆవిరి లేవడం గెట్టు మీదికి కనపడుతోంది. ఎడమ పాదం నేల మీద ఒక పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని సర్దుకుంది. మళ్లీ ఒరిగింది.

"పో," అంది రూతమ్మ పళ్ల బిగువున. "పోయి నీళ్లు పొయ్యి."

రాజలింగు కదల్లేదు. కుండను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. అన్న అతన్నే చూస్తున్నాడు. పోస్తే గుట్టు బయటపడుతుంది, పోయకపోతే ఆమె పడుతుంది. అతని కాళ్లకు ఏ రోగమూ లేదు. అయినా కదల్లేదు.

భూమవ్వ మోకాలు కొంచెం వంగింది.

అప్పుడు రూతమ్మ కొంగు నడుముకు చుట్టి, కల్లమంతా వినపడేలా గొంతెత్తింది. "ఏమమ్మా! తడిబట్టలతోని అగ్గి ముందల నిలవడ్డ తల్లికి సాక పొయ్యరా మీ ఊళ్లె? మా బోధన్‌ల అయితె ఉత్తగ ఇడువరు!"

సాకంటే, బోనమెత్తిన ఆడమనిషి పాదాల మీద వేపాకు వేసిన నీళ్లు పోసి మొక్కడం. జనం భూమవ్వ వైపు తిరిగారు. తడిచీర, నెత్తిన కొంగు, వణుకుతున్న కాళ్లు, అరమూసిన కళ్లు. అన్నీ వాళ్లకు తెలిసిన గుర్తులే. ముందు కదిలింది ఆశన్న భార్య శంకరమ్మ, భూమవ్వ చెప్పిన యారాలు. "అయ్యో, పోశవ్వకు మొక్కుకున్నట్టున్నది! ఎవ్వరికి చెప్పలేదు సూడు పిచ్చిది!" అంటూ కడాయి కోసం తెచ్చిన బానలోంచి చెంబు ముంచి భూమవ్వ పాదాల మీద పోసింది. వెనకే ఇంకొకామె. ఎవరో వేపరెమ్మ విరిచుకొచ్చారు. ఒక ముసలమ్మ పాదాలు సరిపోవని ఏకంగా నడినెత్తిన కుమ్మరించింది. తర్వాత అందరూ నెత్తినే పోశారు. పిల్లల్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చోబెట్టారు.

"ఏందే గీ లొల్లి?" అన్నాడు ఆశన్న. "కడాయి నీళ్లన్ని అయిపాయె!"

"నువ్వు ఊకో! తల్లి ముందల నోరు లేపకు," అని శంకరమ్మ కసిరింది. పదిమంది ముందు ఆమె మొగుణ్ణి కసరడం అదే మొదలు అయి ఉండాలి. అతను నిజంగానే ఊకున్నాడు.

యేసును మొక్కే మనిషి గెట్టు మీద నిలబడి పోశవ్వకు సాక పోయించింది. నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియక ఆమె వైపు చూశాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి జరిగి వింటే, "ఇంకో చెంబు, ఇంకో చెంబు," అంటోంది.

భూమవ్వ పాదం సర్దుకుంది. మోకాలు నిలిచింది. ఆకుల సందుల్లోంచి తెల్లని నురగ పొంగి కడాయి అంచు దాటి జారింది. ఉడికిన పసుపు వాసన కల్లమంతా కమ్ముకుంది.

ఆశన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "సరె," అన్నాడు. "మెండోర ముచ్చట ఇంక లేదు." ఆ మాట తమ్ముడి వైపు తిరిగి అన్నాడు. రాజలింగు మొహం విప్పారింది. కుండ పట్టుకునే ముందుకొచ్చాడు. "భూమా, ఇన్నవా? అన్న సరె అన్నడు!"

భూమవ్వ గంపను బోర్లించి నేల మీద పెట్టింది. కాళ్ల దగ్గరి పిల్లల్ని దాటింది. రాజలింగు దాకా వచ్చింది. ఏదో చెబుతుందని అతను ఆగాడు. ఆమె అతని పక్కనుంచి నడిచి, గెట్టెక్కింది. నా పక్కనుంచి, రూతమ్మ పక్కనుంచి, బండి పక్కనుంచి పోయింది. గడ్డిలో దోపిన కర్ర వైపు చూడలేదు. తోపు అవతల వాగు ఉంది, దాని పక్కనే బస్సు రోడ్డు. అటు దారి పట్టింది.

"ఏయ్, ఎటు పోతున్నవే? ఇల్లు గిటున్నది!" అని రాజలింగు అరిచాడు. బండి దగ్గరికి ఉరికి, ఎడ్లను కట్టబోయి ఆగాడు. "కడాయి దించేదాక ఉండురా!" అని అన్న వెనకనుంచి కేకేస్తున్నాడు. అతను కాడి మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయాడు.

"ఒక్కమాటన్నా చెప్పి పోదా?" అన్నాను.

"చెప్తె నిలవడాలె తాతా. నిలవడితె చీర ఆరుతది." రూతమ్మ బండి దాకా పోయి, రాజలింగు చంకలోంచి ఆ మిగిలిన కుండ తీసుకుని నెత్తికెత్తుకుంది. "బోధన్ బస్సు దొరికేదాక గీ నీళ్లు సరిపోతయి."

ఆమె గబగబా బయలుదేరింది. అప్పటికే భూమవ్వ తోపు నీడలు దాటి వాగు వైపు దిగుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు.